వీఆర్ థెరపీలో వేళ్లకు సెన్సర్లు ఎందుకు పెడతారు?

నలుగురిలో మాట్లాడాలంటే భయమని, వీఆర్ థెరపీకి (వర్చువల్ రియాలిటీ, అంటే హెడ్‌సెట్‌లో నిజంలా కనిపించే దృశ్యాల మధ్య భయాన్ని ఎదుర్కోవడం) వెళ్తే వేళ్లకు సెన్సర్లు పెడతామన్నారని, అవి నిజంగా పనికొస్తాయా అని అడిగారు. నేను పోయినేడు ఎనిమిది సెషన్లు చేయించుకున్నాను. నాకైతే చాలా పనికొచ్చాయి.

కళ్లకు హెడ్‌సెట్, చెమటను కొలవడానికి ఎడమచేతి రెండు వేళ్లకు పట్టీలు, గుండె వేగం కొలవడానికి ఛాతీకి బెల్టు. హెడ్‌సెట్‌లో చూస్తే బల్ల వెనక ముగ్గురు ఇంటర్వ్యూ చేసేవాళ్లు. బొమ్మలేనని తెలుసు. అయినా అందులో ఒకాయన ఫోన్ చూసుకోగానే నా నాలుక పిడచకట్టుకుపోయింది. భయం వందకి ఎంత అని థెరపిస్టు మేడం మధ్యమధ్యలో అడిగేవారు. సిగ్గుపడి 40 అనేవాణ్ని. అరచేతి చెమట మాత్రం అబద్ధం చెప్పదు. టెన్షన్ పడ్డ ఒకటి నుంచి మూడు సెకన్లలోనే గ్రాఫ్ లేస్తుంది, కంటికి తడి కనిపించకపోయినా సరే.

రెండో సెషన్ అయ్యాక మేడం గ్రాఫ్ చూపించారు. గుండె వేగం అన్నిటికంటే ఎక్కువ, నిమిషానికి 124, ఉన్నది నేను మాట్లాడుతున్నప్పుడు కాదు. లోపలికి పిలుస్తారని హెడ్‌సెట్‌లోని వరండాలో కూర్చున్నప్పుడు! మాట్లాడటం మొదలుపెట్టిన రెండు నిమిషాలకు 96కి దిగింది. నాకు మాట్లాడటం రాదని పదేళ్లుగా నమ్ముతున్నాను. తీరా చూస్తే నా వల్ల కానిది ఎదురుచూడటం. ఆ తర్వాత సెషన్లలో సగం టైం ఆ వరండాలోనే కూర్చోబెట్టారు.

ఒక్క విషయంలో జాగ్రత్త. ఆ గుండె వేగం నంబర్ సెషన్ జరుగుతుండగా మీకు అప్పటికప్పుడు కనిపించేలా పెట్టించుకోకండి. నేను అడిగి పెట్టించుకున్నాను. దాన్నే చూస్తూ ప్రశ్న మరిచిపోయాను. మన జబ్బే ఎప్పుడూ మనల్ని మనం గమనించుకోవడం కదా, దానికి ఇంకో అద్దం ఇచ్చినట్టవుతుంది. థెరపిస్టు చూడాలి, మనం తర్వాత చూడాలి.

కాఫీ తాగినా, మెట్లెక్కి వచ్చినా, చెయ్యి కదిపినా గ్రాఫ్ మారుతుంది. దడ తగ్గడానికి ఇచ్చే ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు వాడితే గుండె వేగం తగ్గుతుంది, ముందే చెప్పండి. దడ తగ్గకపోయినా సెషన్ వృథా అయినట్టు కాదు.

సెన్సర్లు లేవని థెరపీ మానేయకండి. 2013లో అమెరికాలో మనస్తత్వవేత్త పేజ్ ఆండర్సన్ బృందం పోల్చి చూస్తే ఇలాంటి భయానికి వీఆర్ పద్ధతి, హెడ్‌సెట్ లేకుండా గ్రూపులో చేసే పద్ధతి దాదాపు సమానంగానే పనిచేశాయి.

మొన్న నిజం ఇంటర్వ్యూకి వెళ్లాను. బయట కుర్చీలో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. దడ ఉంది, కానీ లేచి వెళ్లిపోలేదు. ఫోన్ జేబులోంచి తీయలేదు.