కప్ప ల్యూర్‌ని బాస్ కొడుతుంది కానీ గాలానికి పడదు, ఎందుకు?

లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి మంచినీటి చేప కోసం తామరాకుల మీద బోలు రబ్బరు కప్ప ల్యూర్ (చేపను మభ్యపెట్టే బొమ్మ ఎర) వేసేవాళ్లలో చాలామందికి ఇదే అనుభవం. నీళ్లు భళ్లున చిమ్ముతాయి, రాడ్ లాగుతారు, కప్ప ఖాళీగా ఎగిరొస్తుంది. ఈ ల్యూర్ మనకి అచ్చిరాదని పెట్టెలో పడేస్తారు.

తప్పు ఎక్కువగా తొందరలోనే ఉంది. చప్పుడు వినగానే లాగకండి. బాస్ కప్పను పీల్చుకుని కిందికి తిరగాలి, అందుకు ఒకటి రెండు సెకన్లు పడుతుంది. కప్ప కనబడకుండా పోయి దారం మీద బరువు తగిలాక, రాడ్ కొన దించి, వదులు దారం చుట్టేసి, అప్పుడు పైకి బలంగా గుంజాలి. కొరమీనుకు కప్ప వేసినవాళ్లకు ఈ ఓపిక అలవాటే.

తర్వాత దారం. నైలాన్ సాగుతుంది, ఆ సాగుడులోనే మీ గుంజుడు బలం పోతుంది, మొన దవడలో దిగదు. 50 నుంచి 65 పౌండ్ల బరువు ఆపే బ్రెయిడ్ (సాగని అల్లిక దారం), 7 అడుగుల హెవీ రాడ్ వాడండి. పల్చటి స్పిన్నింగ్ రాడ్‌తో దయచేసి వేయకండి, చేప పడినా ఆకుల్లోంచి బయటికి రాదు.

కొత్త కప్పను ఒకసారి చేత్తో నొక్కి చూడండి. రెండు గాలం మొనలూ వీపులో మరీ దిగబడి ఉంటే, ప్లయర్‌తో ఒక్కోదాన్ని రవ్వంత బయటికి వంచండి. ఎక్కువ వంచితే ప్రతి విసురుకీ నాచే వస్తుంది. పొట్టలో నీళ్లు చేరితే కప్ప మునుగుతుంది, అప్పుడప్పుడూ పిండేయండి.

నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకముందు మాత్రం దీనికి బదులు జిగ్ (బరువైన లోహపు తల ఉండి నీటి అడుక్కి దిగే ల్యూర్) వేయడం మేలు.