కిట్ పెడితే బోల్ట్ మారుతుంది, బ్యారెల్ మారదు

ఈ వారం వచ్చిన సందేహాలన్నీ ఒకే వస్తువు మీద: ఏఆర్-15 తరహా .223 రైఫిల్‌లో చిన్న .22 ఎల్‌ఆర్ తూటాలు (కింద .22 అన్నది వీటినే) కాల్చుకునే వీలు కల్పించే కన్వర్షన్ కిట్. రైఫిల్ బోల్ట్ (తూటాను వెనక నుంచి మూసే భాగం) తీసి, దాని చోట దీన్ని పెడతారు.

ప్రశ్న: నా రైఫిల్ .223 తూటాలతో చక్కగా కొడుతుంది. కిట్ పెట్టి .22 కాలిస్తే 50 మీటర్ల దగ్గరే గుండ్లు చెల్లాచెదురుగా పడుతున్నాయి. బ్యారెల్ మీద 1:7 అని ఉంది. కిట్‌లో లోపమా?

జవాబు: కిట్‌ను అనుమానించే ముందు ఆ 1:7 సంగతి చూద్దాం. బ్యారెల్ లోపలి మెలి గాడులు 7 అంగుళాలకు ఒక పూర్తి చుట్టు తిరుగుతాయని దాని అర్థం. .22 కోసమే చేసిన బ్యారెళ్లలో ఈ మెలిక సాధారణంగా 1:16 ఉంటుంది. గుండు సెకనుకు 1,200 అడుగుల వేగంతో బయటికి వస్తోందనుకోండి. 1:16 బ్యారెల్‌లో అది సెకనుకు 900 చుట్లు తిరుగుతుంది. మీ బ్యారెల్‌లోనైతే 2,000 దాటుతుంది. మెత్తటి సీసపు గుండు బరువులో ఏ వైపు చిన్న తేడా ఉన్నా, ఆ వేగంలో దాన్ని దారి తప్పిస్తుంది.

రెండో కారణం దూరం. కిట్ ముందు భాగం అచ్చు .223 కేసు (తూటా లోహపు గొట్టం) ఆకారంలో ఉండి ఛాంబర్‌ను, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటును, నింపుతుంది. పొట్టి .22 తూటా దాని లోపల కూర్చుంటుంది. గుండు ముందు గాడులు లేని దారిలో కాస్త దూరం పరుగెత్తి, ఆ తర్వాతే గాడులను పట్టుకుంటుంది. పైగా .22 గుండు వ్యాసం సుమారు 0.223 అంగుళం, .223 గుండుది 0.224. పేర్లు చూసి చాలామంది తికమకపడేది ఇక్కడే. వ్యాసాలు ఇంత దగ్గరగా ఉండబట్టే ఒకే బ్యారెల్‌లో రెండూ కాల్చగలుగుతున్నాం.

అమెరికా సైన్యం కూడా ఎం16 రైఫిళ్లతో తక్కువ ఖర్చులో శిక్షణ ఇవ్వడానికి ఎం261 అనే కిట్ వాడింది. ఎం16ఏ1 బ్యారెల్ మెలిక 1:12, అంటే .22కి అంత ఇబ్బంది లేదు. పొడవైన గుండ్ల కోసం ఎం16ఏ2లో దాన్ని 1:7 చేశారు. మీ బ్యారెల్‌దీ అదే మెలిక. కాబట్టి 25 మీటర్ల దగ్గర కాల్చి చూడండి, రెండు మూడు రకాల తూటాలు ప్రయత్నించండి. రాగి పూత ఉన్న 40 గ్రెయిన్ (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) హై వెలాసిటీ, అంటే ఎక్కువ వేగం, రకంతో మొదలుపెట్టండి. 50 మీటర్ల దగ్గర కూడా గుండ్లు దగ్గరదగ్గరగా పడాల్సిందే అంటే కిట్ మీద డబ్బు పెట్టకండి, .22 బ్యారెల్‌తోనే వచ్చే విడి అప్పర్ (రైఫిల్ పై సగం) కొనండి.

ప్రశ్న: ఒకే రోజు 400 దాకా .22 కాల్చి, పాత బోల్ట్ పెట్టి .223 వేశాను. తూటా పూర్తిగా లోపలికి వెళ్లలేదు. బలంగా నెట్టవచ్చా?

జవాబు: వద్దు. దయచేసి నెట్టకండి. మ్యాగజైన్ తీసి, తూటాను జాగ్రత్తగా బయటికి తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూడండి. .22 తూటాలకు సీసం, మైనం, మసి ఎక్కువ. కిట్ ముందు అంచు దాటాక అవి గట్టి ఉంగరంలా పేరుకుంటాయి. .223 కేసు మెడ ఆ ఉంగరంలోకి చొరబడి బిగుసుకుంటే గుండును వదలడానికి చోటుండదు. .22కి గరిష్ఠ పీడనం 24,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .223కి 55,000. అంత పీడనం దగ్గర ఇరుకును తేలిగ్గా తీసుకోకూడదు. ఛాంబర్ బ్రష్, సాల్వెంట్‌తో శుభ్రం చేశాకే .223 వేయండి.

గ్యాస్ రంధ్రం సంగతీ ఇదే. .223 కాల్చినప్పుడు బోల్ట్‌ను కదిపే వాయువు బ్యారెల్ నుంచి బయటికి వెళ్లేది దీని గుండానే. కిట్ బోల్ట్ వెనక్కి తోపుతోనే కదులుతుంది, దానికి గ్యాస్ అవసరం లేదు. కానీ రంధ్రం తెరిచే ఉంటుంది కాబట్టి మసి లోపలికి పోతూనే ఉంటుంది. అందుకే పూత లేని సీసపు గుండ్లు వద్దు. ఛాంబర్ శుభ్రం చేశాక చివర్లో కొన్ని .223 తూటాలు కాలిస్తే ఆ దారి చాలావరకు తేటపడుతుంది.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. కాల్చేటప్పుడు ఎప్పుడైనా శబ్దం నీరసంగా, తేడాగా వినిపిస్తే అక్కడే ఆపేయండి. గుండు బ్యారెల్‌లోనే ఆగిపోయి ఉండొచ్చు. దాని వెనక మరొకటి కాలిస్తే, అందులోనూ .223 అయితే, బ్యారెల్ పగులుతుంది, మనిషికి గాయాలవుతాయి. తూటాలు తీసేసి, బోల్ట్ విప్పి, బ్యారెల్ గుండా వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి.

ప్రశ్న: కిట్‌తో చేసిన సాధన అసలు రైఫిల్‌కి పనికొస్తుందా? స్కోప్ జీరో (గురి పెట్టిన చోటే గుండు తగిలేలా చేసిన సర్దుబాటు) మారుతుందా?

జవాబు: ట్రిగ్గర్ నొక్కడం, ఊపిరి నిలపడం, భుజానికి ఆనించే తీరు, సేఫ్టీ మీద వేలి అలవాటు, ఇవన్నీ పనికొస్తాయి. అవే చేతులు, అదే ట్రిగ్గర్ కదా. రీకాయిల్ మాత్రం రాదు. 40 గ్రెయిన్ గుండు 1,200 అడుగుల వేగంతో ఇచ్చే తోపు వేరు, 55 గ్రెయిన్ గుండు 3,000 అడుగుల పైచిలుకు వేగంతో ఇచ్చేది వేరు. చాలా కిట్లలో ఆఖరి తూటా తర్వాత బోల్ట్ వెనక్కి నిలవదు కూడా. అందుకే మ్యాగజైన్ మార్చే సాధన .223తోనే చేయండి.

జీరో తప్పకుండా మారుతుంది. ముందు .223తో జీరో చేసుకోండి. తర్వాత .22తో 25 మీటర్ల దగ్గర కాల్చి, తేడా ఎన్ని క్లిక్‌లో (స్కోప్ మరను తిప్పే మెట్లు) స్కోప్ మూత లోపల చిన్న కాగితం మీద రాసి అంటించండి. తూటాల రకం మారిస్తే ఆ అంకె కూడా మారుతుంది, కాబట్టి రకం పేరు పక్కనే రాయండి. మీ లైసెన్స్‌లో .22 కూడా ఉందో లేదో కిట్ కొనకముందే కనుక్కోండి.