అమెరికా నుంచి 4కె బ్లూ-రే ప్లేయర్ తెప్పిస్తే హైదరాబాద్‌లో పనిచేస్తుందా? పాత రిసీవర్‌కి ఎలా కలపాలి?

మీరు అడిగింది ఇదీ: కొండాపూర్‌లో ఫ్లాటు, డాల్బీ విజన్ (వెలుగు, రంగులు మరింత బాగా చూపే హెచ్‌డీఆర్ పద్ధతుల్లో ఒకటి) ఉన్న 65 అంగుళాల 4కె టీవీ, 2013లో కొన్న 5.1 ఏవీ రిసీవరు (ఐదు స్పీకర్లకీ, ఒక సబ్‌వూఫర్‌కీ శబ్దం పంచే పెట్టె). వచ్చే నెల డాలస్ నుంచి అన్నయ్య వస్తున్నారు, ప్లేయర్ ఆయన చేత తెప్పిద్దామా అని. నాన్నగారు కూడబెట్టిన తెలుగు వీసీడీలు, డీవీడీలు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి, అన్నిటికీ ఒకే ప్లేయరు సరిపోతుందా అని. సరిపోదండీ. 4కెకి ఒకటి, పాత డిస్కులకి మామూలు డీవీడీ ప్లేయర్ ఒకటి పెట్టుకోండి. ఎందుకో వరసగా చెప్తాను.

ముందు కరెంటు సంగతి. అమెరికాలో అమ్మే ప్లేయర్లలో చాలావాటి పవర్ సప్లై 120 వోల్టులకే తయారై ఉంటుంది. ప్లేయర్ వెనక అంటించిన ప్లేటు ఫొటో తీసి పంపమని అన్నయ్యకి చెప్పండి. దాని మీద 100-240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చుకుంటే చాలు. 120 అని మాత్రమే ఉంటే నేరుగా మన ప్లగ్గులో పెట్టకూడదు. 120 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారాక దాదాపు 170 వోల్టులవుతుంది, అక్కడుండే పెద్ద కెపాసిటర్‌ని సాధారణంగా 200 వోల్టులకి చూసుకుని వేస్తారు. మన 230 వోల్టులు అదే చోట 325 అవుతుంది. స్విచ్ వేసిన క్షణంలోనే ఫ్యూజో, కెపాసిటరో, రెండూనో పోతాయి. వారంటీ అమెరికాలోనే చెల్లుతుంది, ఇక్కడ ఎవరూ పట్టించుకోరు.

దీనికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లేయర్ తినేది కొన్ని పదుల వాట్లే కాబట్టి 100 వీఏ (దాదాపు 100 వాట్ల సామర్థ్యం) ధారాళంగా సరిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాను కొట్లలో అడగండి, కానీ 'ఐసొలేషన్ టైపు' (రెండు వేర్వేరు వైండింగులు, అంటే తీగ చుట్లు, ఉండేది) అని నొక్కి అడగండి. చవగ్గా దొరికేది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. అందులో ఒకే వైండింగు ఉంటుంది, దాని కింది భాగం ఎక్కడైనా తెగిందంటే 230 అంతా అవతలికి వచ్చేస్తుంది. ప్రయాణాలకని అమ్మే అరచేతిలో పట్టే కన్వర్టర్ల జోలికి పోవద్దు, వాటిలో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. అవి కరెంటు తరంగాన్ని కోసి పంపిస్తాయి, ఇస్త్రీ పెట్టెకైతే పరవాలేదు గానీ ఎలక్ట్రానిక్స్‌కి పనికిరావు. మీ ఇంట్లో ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే టీవీ దగ్గరి ప్లగ్గుని ఆ లైను నుంచి తప్పించండి. లేకపోతే కరెంటు పోయినప్పుడల్లా ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది. 50 హెర్ట్జ్, 60 హెర్ట్జ్ తేడా గురించి బెంగ పెట్టుకోకండి, ఇలాంటి పవర్ సప్లైలకి దానితో పని లేదు.

రెండోది రీజియన్, అంటే ఒక ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్‌లోనే ఆడేలా వేసే తాళం. 4కె డిస్కులకి రీజియన్ కోడ్ లేదు, ఏ దేశంలో కొన్నా ఏ ప్లేయర్‌లోనైనా ఆడతాయి. మామూలు బ్లూ-రేకి ఉంది: అమెరికా ఏ, యూరప్ బీ, మన దేశం సీ. డీవీడీకి అమెరికా 1, మనది 5. అంటే అక్కడి ప్లేయర్‌లో ఇక్కడి సీ బ్లూ-రే, 5 డీవీడీ ఆడవు. అట్ట వెనక 'ఆల్' అనో 0 అనో ఉంటేనే ఆడతాయి. తెలుగు డీవీడీల్లో చాలావరకు 0 రకమే, అది కొంత నయం. 4కె డిస్కుతో పాటు అదే డబ్బాలో వచ్చే బ్లూ-రేకి మాత్రం రీజియన్ తాళం ఉండొచ్చు, చూసి కొనండి.

ఇక వీసీడీ. అందులో బొమ్మ ఎంపెగ్-1 అనే పాత వీడియో రకం, పాల్‌లో (మన దేశపు పాత టీవీ పద్ధతిలో) 352 చుక్కల వెడల్పు, 288 గీతల ఎత్తు. కొత్త 4కె ప్లేయర్లలో దీనికి చోటు ఉంటుందని నమ్మకండి, మాన్యువల్లో ఆడే డిస్కుల జాబితా ఉంటుంది, అక్కడ 'వీడియో సీడీ' అని రాసి ఉంటేనే ఆడుతుందని లెక్క. ఇక్కడ అమ్మిన మామూలు డీవీడీ ప్లేయర్లు వీసీడీని హాయిగా ఆడిస్తాయి, చాలావాటికి డీవీడీ రీజియన్ గొడవ కూడా లేదు. నా మాట వింటే ఈ లోపు వీసీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. డిస్కులో 'ఎంపెగ్ఏవీ' అనే ఫోల్డర్ ఉంటుంది, అందులోని డాట్ ఫైళ్లు కాపీ చేసుకుంటే వీఎల్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నేరుగా ఆడతాయి. ఒక్కో డిస్కు దాదాపు 800 ఎంబీ దాకా ఉండొచ్చు. వెండిపూత పొరలు ఊడిన డిస్కు ఏదైనా ఉంటే దాన్నే ముందు ఎక్కించండి, అది మళ్లీ చదవదు.

ఏ మోడల్ కొనాలన్నది ఇప్పుడు చూద్దాం. ఎంచుకోవడానికి పెద్దగా మిగల్లేదు. ఒప్పో 2018లో మానేసింది, శాంసంగ్ 2019లో అమెరికా మార్కెట్‌కి కొత్త మోడళ్లు ఆపింది, ఎల్‌జీ 2024 చివర్లో తన ప్లేయర్లకి స్వస్తి చెప్పింది. సెకండ్‌హ్యాండ్ ఒప్పో 203 దొరికితే బాగుంటుందని చాలామంది అంటారు. నేను వద్దంటాను: అది చాలా మంచి ప్లేయరే, కానీ లేజర్ పోతే స్పేర్ దొరకదు. మీ టీవీకి డాల్బీ విజన్ ఉంది కాబట్టి పానాసోనిక్ డీపీ-యూబీ820 సరైన ఎంపిక. డాల్బీ విజన్, అలాంటిదే అయిన హెచ్‌డీఆర్10 ప్లస్ రెండూ ఆడిస్తుంది, డిస్కుని బట్టి తనే మారుతుంది. దాని తమ్ముడు యూబీ420లో డాల్బీ విజన్ లేదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరబడకండి. డబ్బు తక్కువైతే సోనీ ఎక్స్700. దీనిలో డాల్బీ విజన్‌ని సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేత్తో ఆన్, ఆఫ్ చేయాలి. ఆన్‌లోనే వదిలేస్తే మామూలు హెచ్‌డీఆర్10 డిస్కుని కూడా డాల్బీ విజన్‌గా మార్చి పంపుతుంది, రంగులు తప్పుతాయి. డిస్కు మార్చినప్పుడల్లా గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటేనే అది తీసుకోండి. సోనీలో ఎస్ఏసీడీ (మామూలు సీడీ కన్నా నాణ్యమైన సంగీతం డిస్కు) ఆడుతుంది, పానాసోనిక్‌లో ఆడదు. సంగీతం డిస్కులు కొనే అలవాటు ఉంటే అదొక్కటే లెక్కలోకి తీసుకోండి. ఇంట్లో పిల్లలకి డిస్కు డ్రైవు ఉన్న పీఎస్5 (సోనీ గేమ్‌ల పెట్టె) ఉంటే అది కూడా 4కె డిస్కులు ఆడిస్తుంది, డాల్బీ విజన్ మాత్రం డిస్కు నుంచి రాదు, ఆడియో సీడీలు అసలు ఆడవు.

ఇప్పుడు అసలు చిక్కు, మీ 2013 రిసీవరు. 4కె డిస్కు బొమ్మ పోవాలంటే దారిలో ఉన్న ప్రతి పరికరానికీ హెచ్‌డీసీపీ 2.2 (బొమ్మని కాపీ చేయకుండా ఆపే తాళం) ఉండాలి. మీ రిసీవర్‌కి అది ఉండదు. ప్లేయర్‌ని దాని గుండా టీవీకి కలిపితే బొమ్మ 1080 గీతల మామూలు హెచ్‌డీకి దిగుతుంది, లేదా స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. అంతమాత్రాన రిసీవర్ మార్చనక్కర్లేదు. నేను చెప్పిన రెండు ప్లేయర్లకీ హెచ్‌డీఎంఐ పోర్టులు రెండేసి ఉన్నాయి. మెయిన్ పోర్టు నుంచి నేరుగా టీవీకి ఒక కేబులు, రెండో పోర్టు నుంచి రిసీవర్‌కి ఇంకొకటి. సెట్టింగ్స్‌లో రెండో పోర్టుకి ఆడియో మాత్రమే పంపమని చెప్పండి. 2013 రిసీవర్ అయినా డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో (నాణ్యత తగ్గించని ఆడియో రకాలు) విప్పగలదు. అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ రకం) డిస్కు వేసినా అందులోని ట్రూహెచ్‌డీ భాగం మీ 5.1లో చక్కగా వినిపిస్తుంది.

టీవీ నుంచి ఆప్టికల్ వైరు తీసి రిసీవర్‌కి ఇస్తే సరిపోదా అంటే, పోదు. ఆప్టికల్‌లోనూ పాత ఏఆర్‌సీలోనూ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబులులోనే రిసీవర్‌కి పంపే దారి) ఈ పెద్ద ఆడియో పట్టదు, కుదించిన డాల్బీ డిజిటలే వెళ్తుంది. రెండు కేబుళ్ల దారిలో ఒక్కటే ఇబ్బంది: టీవీ బొమ్మని ప్రాసెస్ చేసే సరికి మాట ముందు వచ్చేస్తుంది. రిసీవర్‌లో ఆడియో డిలే 50 మిల్లీ సెకన్లతో మొదలుపెట్టి 10 చొప్పున పెంచండి. పాత్ర ముఖం దగ్గరగా ఉన్న సీను పెట్టుకుని ప, బ, మ పలికేటప్పుడు పెదవులు కలిసే క్షణాన్ని చూడండి. మిగతా అక్షరాలతో తేల్చుకోవడం కష్టం.

టీవీ వైపు ఒక పని మరవకండి. ప్లేయర్ పెట్టిన పోర్టుకి పూర్తి వేగం అనుమతించాలి. శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అంటారు. అది ఆపి ఉంటే 4కె వస్తుంది గానీ హెచ్‌డీఆర్ రాదు. 'బొమ్మ పాత బ్లూ-రేలాగే ఉంది' అని వాపోయేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే.

ప్లేయర్ మెనూలో రిజల్యూషన్ ఆటో, 24పీ (సెకనుకి 24 బొమ్మలు, సినిమా వేగం) ఆన్, డీప్ కలర్ ఆటో. ఆడియో విషయానికి కాస్త ఆగండి, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. డిజిటల్ ఆడియో 'బిట్‌స్ట్రీమ్' (విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) అని పెట్టండి, 'సెకండరీ ఆడియో' అనే దాన్ని ఆఫ్ చేయండి. దాన్ని ఆన్‌లో వదిలితే మెనూ క్లిక్కుల చప్పుడూ కామెంటరీ కలపడానికి ప్లేయరు అసలు ఆడియోని విప్పి, కలిపి, మళ్లీ మామూలు డాల్బీగా చుట్టి పంపుతుంది. సరిగ్గా పెట్టారా అన్నది రిసీవర్ ముందు అద్దం చెప్తుంది. ట్రూహెచ్‌డీ అని గానీ డీటీఎస్-హెచ్‌డీ అని గానీ కనబడాలి. మల్టీ ఛానల్ అని వస్తే పీసీఎం (ప్లేయరే విప్పిన ఆడియో) వెళ్తోంది, ఉత్త డాల్బీ డిజిటల్ అని వస్తే సెకండరీ ఆన్‌లో ఉంది, లేదా డిస్కు మెనూలో చిన్న ఆడియో ట్రాక్ ఎంచుకున్నారు. డైనమిక్ రేంజ్ కంప్రెషన్ (పెద్ద చప్పుళ్లకీ చిన్నవాటికీ తేడా తగ్గించేది) ఆఫ్. అపార్ట్‌మెంట్ కాబట్టి రాత్రి పదకొండు తర్వాత ఆన్ చేసుకోండి, మాటలు వినబడతాయి, కింది ఫ్లోర్‌వాళ్లు నిద్రపోతారు.

తెలుగు డీవీడీల గురించి ఒక మాట. చాలావాటిలో సినిమాస్కోప్ బొమ్మని 4:3 చట్రంలో ఇరికించారు. టీవీలో నాలుగు వైపులా నలుపుతో మధ్యలో చిన్న బొమ్మ వస్తుంది. టీవీ రిమోట్‌లో జూమ్ నొక్కండి. 1974కి ముందు తెలుగులో సినిమాస్కోప్ లేదు, కాబట్టి పాత నలుపు తెలుపు సినిమాలకి పక్కన నలుపు పట్టీలు రావడమే న్యాయం. సాగదీసి చూడకండి, మొహాలు లావవుతాయి.

కేబులు 2 మీటర్లకి లోబడితే 18 గిగాబిట్ల ప్రీమియం హై స్పీడ్ సర్టిఫికెట్ ఉన్నది ఏదైనా చాలు, వేలు పోయక్కర్లేదు. ఎప్పుడైనా ప్రొజెక్టర్ పెట్టి 8, 10 మీటర్లు లాగాల్సి వస్తే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వేయించండి. దానికి దిక్కు ఉంటుంది, సోర్స్ అని రాసిన కొస ప్లేయర్ వైపే ఉండాలి. గోడలో పైపు వేసేటప్పుడు ఎలక్ట్రీషియన్ 25 మిల్లీమీటర్లది వేస్తానంటాడు. హెచ్‌డీఎంఐ తల వెడల్పు దాదాపు 20, వంపు దగ్గర ఇరుక్కుపోతుంది. 40 వేయించి లోపల లాగుడు తీగ వదిలేయమనండి.

ప్లేయర్‌ని రిసీవర్ మీద పెట్టకండి, ఆ వేడికి లేజర్ ఆయుష్షు తగ్గుతుంది. కార్పెంటర్ చేసిన మూసిన టీవీ యూనిట్ అయితే వెనక పలకకి చేయి పట్టేంత రంధ్రం చేయించండి, పైన 10 సెంటీమీటర్లు ఖాళీ ఉంచండి.

ఇవన్నీ చేశాక కూడా సినిమా మధ్యలో ఆగిందనుకోండి. ప్రతిసారీ ఒకే చోట ఆగితే తప్పు డిస్కుది, ఒక్కోసారి ఒక్కో చోట ఆగితే వేడిది, కేబులుది. బొమ్మ రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంటే కేబులే. 100 జీబీ డిస్కులు మూడు పొరలవి, వేలిముద్ర ఒక్కటున్నా పొర మారే చోట తడబడతాయి. కొత్తగా విప్పిన డిస్కు మీద కూడా ఫ్యాక్టరీ మసక ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల లిక్విడ్ ఒక చుక్క వేసి కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా రుద్దకండి. బ్రష్షులున్న చవక లెన్స్ క్లీనర్ డిస్కులు 4కె ప్లేయర్‌లో వేయకండి. అప్పటికీ ఆగితే ఫర్మ్‌వేర్ (ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి, అమెరికా మోడల్‌కి అమెరికా ఫర్మ్‌వేరే ఎక్కించాలి.