క్షణం విశ్రాంతి ఎరగని గుండె అన్నావు కదా

అమ్మాయికి ఆశీస్సులు.

వ్యాసం అందింది. భాష బావుంది. మొదటి వాక్యం దగ్గరే ఒళ్లు మండింది: "పుట్టినప్పటి నుంచి పోయేదాకా క్షణం విశ్రాంతి ఎరగని శ్రామికురాలు గుండె." రాయడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ వాక్యం చదువుతూనే ఉన్నాను. గుండె తల్లి కడుపులో నాలుగో వారంలోనే కొట్టుకోవడం మొదలెడుతుంది, అది వదిలెయ్. విశ్రాంతి లెక్క చూడు. నిమిషానికి 75 సార్లు కొట్టుకుంటే ఒక్కో స్పందనకు 0.8 సెకను. అందులో గుండె కింది గదులైన జఠరికలు బిగుసుకునేది 0.3 సెకనే. మిగతా 0.5 సెకనూ వదులుగా ఉంటాయి, నిండుతుంటాయి. ఎడమ జఠరిక కండరానికి, గుండెకే రక్తం తెచ్చే కరోనరీ ధమనుల నుంచి రక్తం ఎక్కువగా అందేదీ అప్పుడే. బిగుసుకున్నప్పుడు తన నాళాలను తనే నొక్కేసుకుంటుంది మరి.

పంపు చేయడం గురించి రెండు పేజీలు రాసి, నిండటాన్ని అర వాక్యంలో తేల్చేశావు. నా పట్టు ఒకటే: నిండటం రాయనివాళ్లు గుండె జోలికి పోకూడదు. నిండనిది ఏం పంపుతుంది?

తొలి రోజుల్లో ఒక వారపత్రికకు ఈ విషయమే రాసి పంపాను. సంపాదకుడు గారు కవాటాల (గుండెలోని తలుపుల) పేరా మొత్తం కత్తిరించి, ఆ జాగాలో బాణం గుచ్చుకున్న గుండె బొమ్మ వేయించారు. కత్తిరించిన మేరకు పారితోషికమూ తగ్గించారు! ఇప్పటికీ క్షమించలేదు.

ఆ కసితోనే డాక్టరైన మిత్రుడి దగ్గర, గుండె కదలికలు చూపే ఎకో తెర ముందు కూర్చున్నాను. ఎడమవైపు పైగది కర్ణికకూ, కిందిగది జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటం ఒక్క స్పందనలో రెండుసార్లు రెక్కలు విప్పుతోంది. జఠరిక వదులవగానే దానిలో పీడనం కర్ణికలో కన్నా తగ్గుతుంది, కవాటం తెరుచుకుంటుంది, రక్తం దానంతటదే దూసుకొస్తుంది. ఇంచుమించు ముప్పాతిక వంతు నిండేది ఇలాగే. రెక్కలు సగం మూతబడి, చివర్లో కర్ణిక బిగుసుకుని మిగతాది తోసినప్పుడు మళ్లీ విచ్చుకుంటాయి. నువ్వేమో అంతా కర్ణికే తోస్తుందన్నావు. అదే నిజమైతే కర్ణికలు వణికిపోయే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో ఇంతమంది బజారుకెళ్లి కూరలు తెచ్చుకోగలరా? వాళ్లకు ఆయాసం ముదిరేది గుండె మరీ వేగంగా కొట్టుకున్నప్పుడు. వేగం పెరిగితే ముందు కోత పడేది నిండే వ్యవధికే.

నిండిన 120 మిల్లీలీటర్లలో బయటికెళ్లేది 70. "పూర్తిగా పిండేస్తుంది" అన్న మాట కొట్టెయ్. బిగింపు మొదలయ్యాక కాసేపు నాలుగు కవాటాలూ మూసే ఉంటాయి. చుక్క రక్తం కదలదు, పీడనం మాత్రం ఎక్కుతూ పోతుంది. ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే బృహద్ధమనిలో ఉన్న సుమారు 80 మి.మీ.ల (పాదరసం) పీడనాన్ని దాటాకే ఆ ధమని ముంగిట ఉన్న కవాటం తెరుచుకుంటుంది. ఇంత ఉత్కంఠను వదిలేసి విశేషణాలు గుప్పించావు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు ఉండాలా అన్నవి ఇప్పుడు అడక్కు. జఠరిక వదులయ్యే చోట మొదలుపెట్టి, జరిగిన వరుసలోనే తిరగరాయి. కుడి జఠరికకు అసలు చోటే ఇవ్వలేదు నువ్వు. పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకానే కనుక 25 మి.మీ. పీడనంతో సరిపెట్టుకుంటుంది గానీ, పంపే రక్తంలో ఎడమదానికి ఏమీ తీసిపోదు. దానికో పేరా రాసి, సంక్రాంతి లోపు పంపు. ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది.