బండి గుంజుతలేదని రాసి వదిలెయ్యకు: ఒక యువ రచయితకు లేఖ

తమ్మీ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. పాత బొలెరో ట్రాలీ మిర్యాలగూడలో 25 కిలోల బియ్యం బస్తాలు 50 ఎత్తుకుని, దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోతూ మన్ననూరు ఘాట్‌లో చేతులెత్తేయడం వరకు చాలా బాగుంది. ఆ రోడ్డు నీకు తెలుసని అర్థమవుతోంది. కానీ ఆ తర్వాత మెకానిక్ వస్తాడు, బానెట్ ఎత్తుతాడు, "డీజిల్ పంపు పోయింది" అంటాడు, పంపు మారుస్తారు, బండి ఘాట్ ఎక్కేస్తుంది. బానెట్ ఎత్తడానికీ పంపు పోయిందనడానికీ మధ్య ఏం జరిగిందన్నదే డ్రైవర్లకు కావాలి. నువ్వు దాన్నే దాటేశావు.

ఇది చిన్న లోపం కాదు. కిస్తీ కట్టుకుంటూ అద్దెకు తిప్పుకునే మనిషి నీ మాట నమ్మి, కొన్ని వందల ఫిల్టర్‌తో పోయేదానికి పంపు విప్పించి వేలు పోసుకుంటే ఆ నష్టంలో నీ వాక్యానికీ భాగం ఉంటుంది. అందుకే అసలు మెకానిక్ ఏ వరుసలో వెతుకుతాడో ఆ వరుసలోనే రాయి.

మంచి మెకానిక్ ముందు స్పానర్ పట్టడు, అడుగుతాడు. బలం ఒక్కసారిగా తగ్గిందా, నెల నుంచి మెల్లగా తగ్గుతోందా? ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఇంతేనా, లోడ్ మీదనేనా? స్టార్ట్ చేసినప్పటి నుంచా, కొంత దూరం పోయాకనా? పొగ ఏ రంగు? నీ వ్యాసంలో డ్రైవర్ ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పడు, ఎందుకంటే నువ్వు అడిగించలేదు. డీజిల్ బండికి పొగే పెద్ద ఆనవాలు. నల్లగా కక్కుతూ బలం తగ్గితే ఇంజన్‌కు గాలి చాలట్లేదని మొదటి అనుమానం, ఎయిర్ ఫిల్టర్, టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టేది) గొట్టాలు చూడాలి. పొగేమీ లేకుండా నీరసపడితే డీజిల్ అందట్లేదని అనుకోవాలి. నీలం పొగ ఇంజన్ ఆయిల్ కాలుతోందని చెప్తుంది. మన దగ్గర పత్తి సీజన్‌లో, వరి కోతలప్పుడు మట్టిబాటల మీద తిరిగిన బండి ఎయిర్ ఫిల్టర్ ఎట్లుంటుందో ఒకసారి తీసి చూడు, మడతల మధ్య దుమ్ము, పొట్టు దట్టంగా పట్టి ఉంటుంది. ఫిల్టర్ తీసేసి నడిపితే బాగా గుంజుతుందని కొందరు సంబరపడతారు, అది మాత్రం పొరపాటున కూడా రాయకు. ఆ దుమ్మంతా పోయి టర్బో రెక్కలను, లైనర్లను (పిస్టన్లు ఆడే సిలిండర్ల లోపలి గోడలను) తినేస్తుంది.

ఇక డీజిల్ సంగతి, నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది. నువ్వే రాశావు: బండి కొంతదూరం బాగా పోయింది, తర్వాత నీరసపడింది, పక్కకు ఆపి టీ తాగి వచ్చాక మళ్లీ మామూలుగా లేచింది, ఇంకొంత దూరం పోయి మళ్లీ అదే కథ. ఇంత మంచి గుర్తు చేతిలో పెట్టుకుని పంపు మీదికి పోయావేంది తమ్మీ? ఆపితే కోలుకుంటోందంటే ముందు ట్యాంకు దగ్గర చూడాలి. ట్యాంకుకు గాలి పీల్చే దారి మూసుకుపోతే డీజిల్ తగ్గేకొద్దీ లోపల వాక్యూమ్ పెరిగి, డీజిల్ ముందుకు రావడం కష్టమవుతుంది. మూత తిప్పగానే "స్స్" మని గాలి లోపలికి పోయి, బండి వెంటనే లేచిందంటే దొంగ దొరికినట్టే. అట్లా కాకపోతే ట్యాంకులోని చెత్త పీల్చే పైపు మూతికి అడ్డం పడుతుండొచ్చు, బండి ఆగినప్పుడు అది కిందికి జారుతుంది, నడిస్తే మళ్లీ వచ్చి అంటుకుంటుంది. ఆ తర్వాత డీజిల్ ఫిల్టర్. కింది స్క్రూ వదులు చేసి ఒక గాజు సీసాలోకి కొంచెం పట్టి, కదలకుండా పెడితే నీళ్లు అడుగున వేరుగా నిలబడతాయి, క్యాన్లలో నిల్వ ఉంచిన డీజిల్ పోసుకునే వాళ్లకు ఇది తరచూ ఎదురయ్యేదే. ప్రైమర్ (లైన్‌లోకి డీజిల్ ఎక్కించే చేతిపంపు) నొక్కుతుంటే ఎంతకీ గట్టిపడకపోతే లైన్‌లో ఎక్కడో గాలి పడుతోందని అర్థం. ఇవన్నీ చూసి, నాజిళ్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) కూడా చెక్ చేయించాక గదా పంపు వంతు వచ్చేది!

ఇంకోటి, తప్పు ప్రతిసారీ ఇంజన్‌దే కానక్కర్లేదు. ఇంజన్ మోత పెరిగి స్పీడ్ పెరగకపోతే క్లచ్ జారుతోంది. బ్రేకు పట్టేసినా బండి గుంజదు. కొంత దూరం నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూస్తే పట్టేసిన చక్రం దగ్గర మాత్రం సెగ కొడుతుంది. యాక్సిలరేటర్ కేబుల్ సాగిపోతే పెడల్ నేలకు తగిలినా పంపు లివర్ చివరిదాకా పోదు, ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు బానెట్ కింద చూస్తే నిమిషంలో తేలుతుంది.

ఒకచోట స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాలు చదివే పరికరం) పెట్టి చూశారని మాత్రం రాశావు. నీ బండిది మెకానికల్ పంపని నువ్వే పైన చెప్పావు, దానికి స్కానర్ పెట్టడానికి ఇంజన్ ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) ఎక్కడిది? అది కామన్ రైల్ బండ్ల (డీజిల్‌ను కంప్యూటర్ లెక్క ప్రకారం చిమ్మే కొత్తరకం ఇంజన్ల) సంగతి. వాటిలో సెన్సర్ ఏదైనా తేడా చేస్తే ఈసీయూయే బలం తగ్గించేస్తుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. రెండు రకాల బండ్లను కలిపి రాస్తే తెలిసినవాడు అక్కడే చదవడం ఆపేస్తాడు.

భాష గురించి ఒక్క మాట. "లోహపు గుండె మూలిగింది" లాంటివి తీసెయ్. డ్రైవర్‌తో "గుంజుతలేదన్నా, సెకండ్ గేర్‌లనే ఏడుస్తుంది" అనిపించు, చాలు.

బోరు పని (ఇంజన్ విప్పి అరిగిన సిలిండర్లను బాగుచేయడం) మాట చిట్టచివర్న రావాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ బుసబుసా తన్నుకొస్తోందా, పొద్దున స్టార్టింగ్ కష్టంగా ఉందా, ఆయిల్ తాగుతోందా, ఇవి చూసి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) కొలిపించాకే ఆ మాట అనాలి. తిరగరాసే ముందు జడ్చర్లలోనో నల్లగొండలోనో ఏదైనా షెడ్డులో ఒక పూట కూర్చుని, మెకానిక్ ఏది ముందు ముట్టుకుంటున్నాడో, ఏది ఎందుకు వదిలేస్తున్నాడో రాసుకుని రా. అది చూశాక మిగతాది మాట్లాడుకుందాం.

మీ అన్న