ఫోన్లో పేజీ విరిగిపోతే 40 వేల కోర్సు ఏంటికి? కడప అమ్మాయి ప్రశ్నకి నా జవాబు

ప్రశ్న: సార్, మాది కడప. బీఎస్సీ కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నా. మొన్న బెంగళూరు కంపెనీ ఒకటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ చేసి, నా ప్రాజెక్టు పేజీని ఫోన్ సైజులో చూపించమన్నారు. అంతా విరిగిపోయి పక్కకి జరిగింది. మీడియా క్వెరీలు రాయలేదా అని అడిగితే నోట మాట రాలేదు. అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సు 40 వేలంట, చేరాలా? నాన్న ఏమో అవన్నీ వద్దు, ఐసెట్ రాసి ఎంసీఏ చెయ్యి అంటున్నాడు.

జవాబు:

చూడమ్మా, ముందు డబ్బు సంగతి చెప్పేస్తా. ఇప్పటికైతే ఆ కోర్సులో చేరొద్దు. నువ్వు ఆగిపోయింది ఒకే ఒక్క విషయంలో, దానికోసం 40 వేలు, ఆపైన హాస్టలు ఖర్చు, ఇదంతా మీ నాన్న మీద వెయ్యాల్సిన అవసరం లేదు, ఇంట్లోనే కూర్చుని రోజూ రెండు గంటలు పెడితే నెలలోపే చేతికొచ్చే పని ఇది. వెబ్ పాఠాలుండే ఎండీఎన్ సైట్లో అంతా ఫ్రీగా ఉంది. ఇంగ్లీషు కొంచెం బరువనిపించినా అలవాటు చేసుకో, ఉద్యోగంలో చేరినాక కూడా రోజూ తెరిచేది అదే.

ఇక అసలు విషయం. మీడియా క్వెరీ అంటే, స్క్రీన్ ఇట్లా ఉంటే ఈ రూల్స్ వాడు అని సీఎస్ఎస్‌లో, అంటే పేజీ రూపం, కొలతలు చెప్పే భాషలో, పెట్టే షరతు. పేజీ పక్కకి జరిగింది అన్నావు కదా, నాకైతే ఆడ మీడియా క్వెరీ లేకపోవడం కన్నా ముందే ఇంకో తప్పు ఉందనిపిస్తోంది. ఏదో ఒక డివ్‌కి (పేజీలో ఒక డబ్బాలాంటి భాగం) 1200 పిక్సెల్స్ అని వెడల్పు ఫిక్స్ చేసేసి ఉంటావు. చానా ఫోన్ల స్క్రీన్ వెడల్పు బ్రౌజర్ లెక్కలో 360 నుంచి 430 పిక్సెల్స్ మధ్యనే ఉంటది (అట్టపెట్టె మీద 1080 అని రాసున్నా సరే, ఆ పిక్సెల్స్ వేరు, సీఎస్ఎస్ పిక్సెల్స్ వేరు), మరి 1200 వెడల్పున్నది అందులో ఎట్లా పడుతుంది? ఆ విడ్త్ తీసేసి మ్యాక్స్-విడ్త్ (ఇంతకు మించొద్దు అనే వెడల్పు) పెట్టు, ఇమేజ్‌లకి మ్యాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో ఇవ్వు. అసలు సీఎస్ఎస్ ఒక్క లైను కూడా రాయని పేజీలో అక్షరాలు ఏ స్క్రీన్లో అయినా వాటంతటవే సర్దుకుంటాయి, చెడగొట్టేది మనం ఇచ్చే కొలతలే. అందుకే నేను ఏ స్టూడెంట్‌కైనా చెప్పేది, మీడియా క్వెరీ రాయడం నేర్చుకునే ముందు అది లేకుండా ఎంతదాకా పోగలవో చూడు అని.

తర్వాత హెచ్‌టీఎంఎల్ హెడ్‌లో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (పేజీని ఎంత వెడల్పులో గీయాలో బ్రౌజర్‌కి చెప్పే లైను) ఉందా చూసుకో. విడ్త్ ఈక్వల్ టు డివైస్-విడ్త్, ఇనిషియల్-స్కేల్ 1. ఆ ఒక్క లైను లేకపోతే ఫోన్ బ్రౌజర్ మీ పేజీ కంప్యూటర్ కోసం చేసిందనుకుని మామూలుగా 980 పిక్సెల్స్ వెడల్పుతో గీసి మొత్తాన్ని కుదించి చూపిస్తుంది, అప్పుడు నువ్వు 600 లోపల ఇట్లా ఉండాలి అని ఎంత చక్కగా రాసినా ఆ క్వెరీ పనే చెయ్యదు, పిల్లలు గంటలు గంటలు కోడ్‌లో తప్పు వెతుక్కుంటా కూర్చుంటారు.

ఇప్పుడు ఒక నిజమైన పేజీ చెయ్యి. మీ ఏడు రోడ్ల పక్కన ఏదో ఒక టిఫిన్ హోటలు ఉంటది కదా, దాని మెనూ తెలుగులో పెట్టు. కారం దోశ, ఉగ్గాని బజ్జి, ఓళిగలు, రాగిసంగటి నాటుకోడి పులుసు, ఒక్కోదానికి ఫోటో, పేరు, రేటు. తెలుగులోనే అని ఏంటికంటున్నానంటే, ఇంగ్లీషులో "Order" అనే ఐదక్షరాల బటన్ తెలుగులోకి వచ్చేసరికి "ఆర్డర్ చేయండి" అయిపోతుంది, ఫిక్స్ చేసిన వెడల్పులో పట్టదు, లైన్-హైట్ (లైన్ల మధ్య ఎడం) తక్కువిస్తే పై లైను వత్తులు కింది లైను గుడి, దీర్ఘాలకి తగులుకుంటాయి, 1.6 దాకా ఇచ్చి చూడు. ఇంగ్లీషు టెక్స్ట్ పెట్టి చేసినోళ్ళకి ఈ ఇబ్బందులు కనపడవు. నీకు కనపడతాయి, ఇంటర్వ్యూలో నువ్వు సొంతంగా చెప్పుకోగలిగే మాట అదే.

రాసేటప్పుడు ముందు ఫోన్‌కే రాయి. అంటే ఏ క్వెరీ లేని మామూలు సీఎస్ఎస్ మొత్తం ఫోన్‌కి సరిపోవాలి, ఐటమ్స్ ఒకదాని కింద ఒకటి. అప్పుడు కంప్యూటర్లో బ్రౌజర్ విండోని ఇరుకు నుంచి మెల్లగా వెడల్పు చేసుకుంటా పో. ఏదో ఒక చోట దోశ ఫోటో మరీ పెద్దదైపోయి పేజీ చూడబుద్ధి కాదు, అప్పుడు విండో వెడల్పు ఎంతుందో చూడు, 540 అనుకో, అదే నీ బ్రేక్‌పాయింట్ (అమరిక మారాల్సిన వెడల్పు), మిన్-విడ్త్ 540 (540 నుంచి పైకి) అని క్వెరీ రాసి రెండు కాలమ్స్ చెయ్యి. 768, 992 అని బట్టీ పట్టొద్దు. 768 అనేది మొదట్లో ఐప్యాడ్‌ని నిలువుగా పట్టుకుంటే వచ్చే వెడల్పు, మీ హోటలు మెనూకి దానికీ ఏం సంబంధం? బూట్‌స్ట్రాప్‌లో (రెడీమేడ్ సీఎస్ఎస్ కిట్) ఆ నంబర్లు ఉన్నాయి, వాడేటప్పుడు వాడు, కానీ ఎందుకు అని అడిగితే చెప్పగలగాలి.

ఇంకో ముఖ్యమైనది, ఫ్రెషర్స్ ఎక్కువగా దెబ్బతినేది ఈడే. మీడియా క్వెరీ లోపల రాసినంత మాత్రాన ఆ రూల్‌కి అదనపు బలం ఏం రాదు. స్పెసిఫిసిటీ (ఒక రూల్‌కి ఉండే బలం) సమానంగా ఉంటే ఫైల్‌లో ఏది తర్వాత ఉంటే అదే గెలుస్తుంది. అందుకే మామూలు రూల్స్ పైన, మిన్-విడ్త్ క్వెరీలు కింద, చిన్న నంబరు నుంచి పెద్ద నంబరుకి. ఇది తెలియక ఇంపార్టెంట్ (ఈ రూలే గెలవాలి అనే గుర్తు) అని ప్రతి లైనుకీ తగిలిస్తా ఉంటారు, ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి ఆ కోడ్ చూడగానే అర్థమైపోతుంది.

మెనూ కార్డులకైతే గ్రిడ్‌లో (వరసలు, కాలమ్స్‌గా అమర్చే సీఎస్ఎస్ పద్ధతి) ఆటో-ఫిట్, మిన్‌మ్యాక్స్ వాడితే క్వెరీ లేకుండానే కాలమ్స్ పెరుగుతాయి, అదీ చేసి చూపించు. హోవర్ (మౌస్ పైన పెట్టే వీలుందా), ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ (కదలికలు తక్కువ కావాలన్నారా), ప్రింట్ (కాగితం మీద అచ్చేస్తున్నారా) క్వెరీలు ఒకసారి చదువుకో, మీడియా క్వెరీ అంటే వెడల్పు ఒక్కటే కాదని తెలుస్తుంది. కంటైనర్ క్వెరీలు 2023 నుంచి అన్ని పెద్ద బ్రౌజర్లలోనూ ఉన్నాయి, స్క్రీన్‌ని కాకుండా ఆ భాగం ఉన్న కంటైనర్ వెడల్పుని చూస్తాయి, అది తర్వాత.

బ్రౌజర్లో ఉండే డెవ్‌టూల్స్‌లో ఫోన్ సైజు చూసి సరిపెట్టుకోవద్దమ్మా. గిట్‌హబ్ పేజెస్‌లో (పేజీలని నెట్‌లో పెట్టే చోటు) ఉచితంగా పెట్టి అమ్మ ఫోన్లో తెరువు, ఫాంట్ సైజు పెద్దది పెట్టుకునే తాత ఫోన్లో తెరువు, ఎండలో నిలబడి చూడు. ఆ లింకు రెజ్యూమెలో మొదటి లైనులో ఉండాలి. హోటలు ఆయనకి చూపించినప్పుడు ఇదీ చెప్పు, గూగుల్ ఇప్పుడు సైట్లని ఫోన్ వెర్షన్ చూసే ఇండెక్స్ చేస్తోంది (వెతుకులాట జాబితాలో చేరుస్తోంది), ఆ మార్పు 2016లో ప్రకటించి 2023లో పూర్తయిందని చెప్పింది, ఫోన్లో సరిగ్గా లేని సైటు వల్ల నష్టం ఆయనకే.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి, హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ రెండింటితోనే ఉద్యోగం దొరకడం కష్టం. ఈ పేజీ అయిపోగానే జావాస్క్రిప్ట్ (పేజీకి పనులు నేర్పే ప్రోగ్రామింగ్ భాష) మొదలుపెట్టు, దానితోనే నడిచే రియాక్ట్ దాని తర్వాతే.

మీ నాన్న చెప్పింది కూడా తీసిపారెయ్యాల్సిన మాట కాదు. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్ళే, చానా కంపెనీలు బీఎస్సీ కన్నా దానికే విలువిస్తాయి, ఐసెట్ రాయడానికి పోయేదేం లేదు. నోటిఫికేషన్ రాగానే అప్లై చెయ్యి, ఈలోపు పేజీ పూర్తి చేసి ఆయనకి ఆయన ఫోన్లోనే చూపించు, ఉద్యోగం ముందొస్తే అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇదంతా చేసినాక కూడా కోర్సు కావాలనిపిస్తే డెమో క్లాసుకి పో. ఫీజు కట్టకముందే ఆ సార్‌ని అడుగు, బూట్‌స్ట్రాప్ లేకుండా, తెలుగు టెక్స్ట్‌తో మూడు కార్డుల పేజీ ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ చక్కగా వచ్చేలా మా ముందే రాసి చూపిస్తారా అని. రాసి, ప్రతి బ్రేక్‌పాయింట్ ఎందుకు అక్కడే పెట్టాడో చెప్తే అప్పుడు ఫీజు గురించి ఆలోచించు.