నిమ్మరసం వల్ల పడిన మచ్చల గురించి

అమలాపురం సోదరి గారికి నమస్కారం. శనగపిండిలో నిమ్మరసం కలిపి ముఖానికి పట్టించి, పైపైన కడుక్కుని ఎండలో బజారుకు వెళ్లివచ్చిన మర్నాడు బుగ్గలు మండి, నాలుగు రోజులకు గోధుమరంగు మచ్చలు పడ్డాయని రాశారు. తప్పు శనగపిండిది కాదు, నిమ్మరసానిదే అయి ఉంటుంది. నిమ్మజాతి పండ్లలోని ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు చర్మంపై మిగిలి ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే, చర్మం కాలినట్లు కమిలి ఆ తరువాత నల్లబడుతుంది. ఆ మచ్చలు పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వాటిని రుద్ది పోగొట్టాలని చూడకండి. నిమ్మ పూర్తిగా మానేసి, మంట ఉన్నంతకాలం చన్నీటిలో తడిపిన మెత్తటి గుడ్డ వేసుకోండి. బొబ్బలు లేస్తే చర్మవైద్యులను కలవండి.

మంట తగ్గాక, పొట్టు తీసిన పెసరపప్పును మెత్తగా విసిరి, పలుచటి గుడ్డలో జల్లించి, పుల్లబడని పెరుగుతో కలిపి వారానికి రెండుసార్లు వాడితే చాలు. కలబంద అయితే, మట్టను కోసి పది నిమిషాలు నిలబెట్టి, దురద పుట్టించే పసుపుపచ్చ పాలు కారిపోయాక కడిగి, లోపలి గుజ్జు మాత్రమే తీసుకోవాలి. ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి 24 గంటలు చూడండి.

మన డెల్టాలో గాలిలో తేమ ఎక్కువ కావడం వల్ల చెమట త్వరగా ఆరదు కనుక, మధ్యాహ్నం పూట కొబ్బరినూనె పట్టిస్తే చెమటకాయలు పెరుగుతాయి. వాటికి ముంజల నీరు రాయడం మన పల్లెల్లో ఉన్నదే, చల్లగానే ఉంటుంది (నాకైతే ముంజలు తినడమే ఇష్టం). ఎండను మాత్రం ఏ పిండీ ఆపదు. బయటికి వెళ్లేటప్పుడు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రాసుకుని గొడుగు పట్టుకెళ్లండి.